రోగి వద్దన్నారు

ఇంటి నుంచి,
నవంబరు 9

తమ్ముడూ,

నాలుగు రోజులు విడవకుండా ముసురు పట్టి నిన్న మధ్యాహ్నం తెరిపిచ్చింది. పొద్దున్నే మిషను మీద కప్పిన పట్టా తీసి బెల్టు ఆరబెట్టాను. మొక్కజొన్న కండెలు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. ఇప్పుడు వొలిస్తే గింజ పగులుతుంది. చెప్పినా పై పొలం వాళ్ళు ఆగేట్టు లేరు, రేపే రమ్మన్నారు. మిషను నేనే నడుపుతున్నాను. మీ బావ దగ్గర పనిచేసిన మేస్త్రి కండెలు పోస్తాడు, నేను బెల్టు పక్కన నిలబడతాను. మెడ చుట్టూ ఏ గుడ్డా ఉండనివ్వను, నాకైనా, మేస్త్రికైనా.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటి అనుకుంటావు. ఉన్నవి రెండు గదులు. ఏ గదిలో మాట్లాడినా అత్తయ్యకు వినిపిస్తుంది. ఆవిడకు చదువు రాదు. అందుకని కాగితం.

మీ బావ పోయి రేపటికి యాభై రోజులు. నువ్వు పంపిన ఆసుపత్రి కాగితాలు చదివాను గాని సగం అర్థం కాలేదు. నర్సమ్మను పిలిచి చూపించాను. తల స్కాన్ బాగుందని ఒక కాగితం. రెండో కాగితంలో మెడ రక్తనాళాల స్కాన్ అన్నచోట గీత కొట్టి, పక్కన చేత్తో 'రోగి వద్దన్నారు' అని రాసి ఉంది. కింద మీ బావ సంతకం. నర్సమ్మ చదువుతుంటే అత్తయ్య గడప దగ్గర కూర్చుని విన్నది. "సగం వాడి మొండితనం తీసుకుపోయింది, మిగతా సగం దీని చేతులు" అన్నది. నర్సమ్మ కాగితాలు మడిచి నా చేతికిచ్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం నూనె రాసి ఆయన మెడ తోమానని ఊరందరికీ తెలుసు. నేనే చెప్పాను, దాచాలని తోచలేదు. అప్పటి నుంచి నా దగ్గరకు ఎవరూ రావడం లేదు. ఇదివరకు నడుం పట్టేసినా కాలు బెణికినా మన గుమ్మం ముందు కూర్చునేవాళ్ళు. మొన్న మేస్త్రి భార్యకు చెయ్యి బెణికితే ఎనిమిది మైళ్ళు పోయి కట్టు కట్టించుకు వచ్చింది. అత్తయ్య నడుం నొప్పితో లేవలేక గోడ పట్టుకుని లేస్తుంది గాని, నన్ను పిలవదు. పోనీలే. నాకూ వెయ్యబుద్ధి కావడం లేదు చెయ్యి.

నాకు ఒక్కటే తెలియాలి. ఆయన చావు నా చేతుల్లో నుంచి పోయిందా? నువ్వు ఆసుపత్రిలో ఉన్నవాడివి, ఆ స్కాన్ మిషనులో పడుకోబెట్టింది నువ్వే. అందుకే నిన్నడుగుతున్నాను. బయల్దేరేటప్పుడు ఆయన నీతో ఏమన్నాడు, నువ్వు ఆయనతో ఏమన్నావు? ఉన్నదున్నట్టు రాయి. ఆ 'వద్దన్నారు' అన్నది ఎవరు రాశారో కూడా రాయి.

మరదలిని, పిల్లలను అడిగానని చెప్పు.

అక్క

*

ఆసుపత్రి క్వార్టర్లు,
నవంబరు 24

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. డ్యూటీలు మారాయి, కూర్చుని రాయడానికి కుదరలేదు. ఏమీ అనుకోకు.

నీ చేతుల తప్పు ఏమీ లేదు. ఇంకెప్పుడూ అలా అనుకోకు. అత్తయ్య ముసలావిడ, కొడుకు పోయిన బాధలో ఏదో అంటుంది, చెవిన పెట్టకు.

కాగితాల సంగతి అంటావా, డ్యూటీలో ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు రాస్తారు. రోజుకు అరవై డెబ్భై మంది వస్తారు. ఎవరు రాశారో ఇప్పుడు వెతికినా తేలదు. బావ నాతో పెద్దగా ఏమీ మాట్లాడలేదు. నవ్వుతూనే వెళ్ళాడు. బస్సు ఎక్కించి వచ్చాను.

స్కాన్ బల్ల మీద ఉన్నప్పుడు మాత్రం నవ్వించాడు. నేను అద్దం ఇవతల నుంచి మైకులో "కదలకండి" అన్నాను. బొమ్మలు తీయడం అయిపోయింది. పక్కవాడితో మాటల్లో పడి, లేవమని చెప్పడం మరిచిపోయాను. కాసేపటికి స్పీకర్లో గొంతు వినిపించింది. "బామ్మర్దీ, కదలొద్దన్నావు సరే, కదలమని ఎప్పుడంటావు? సాయంత్రం దాకా నన్ను ఇలాగే ఆరబెడతావా?" లోపల ఉన్న అందరం నవ్వాం.

ఈ మధ్య ఆ స్పీకరు కట్టేస్తున్నాను. బల్ల మీద మనిషి పలకకుండా పడుకుని ఉన్నా, ఏదో వినిపిస్తున్నట్టుగా ఉంటుంది. పాత వైర్లు, గరగరలాడతాయి. బాగుచేసేవాణ్ణి పిలవమని రాసిచ్చాను.

ఇక్కడ చలి మొదలైంది. పెద్దదానికి దగ్గు. నువ్వు బెల్టు దగ్గర నిలబడకు, మేస్త్రిని నిలబెట్టు.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
డిసెంబరు 11

తమ్ముడూ,

పొద్దున మంచు దిగి పది గంటల దాకా పని సాగలేదు. పై పొలం పని అయిపోయింది. మిషనుకు కొత్త బేరింగు వెయ్యాలి. మేస్త్రి వేస్తానంటున్నాడు, వేస్తే గాని నమ్మకం లేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెద్దదాని దగ్గు గురించి రాశావు, వైర్ల గురించి రాశావు. నేను అడిగినదానికి 'పెద్దగా ఏమీ మాట్లాడలేదు' అన్నావు. అయితే నేనే చెబుతాను ఆ రోజు ఏం జరిగిందో. నువ్వు విన్నాక మళ్ళీ రాద్దువుగాని.

బెల్టులో తువాలు చిక్కుకున్నప్పుడు నేను పది గజాల దూరంలో ఉన్నాను. ఆయన మెడ ముందుకూ పక్కకూ ఒక్క గుంజు గుంజింది. పాత తువాలు కాబట్టి చిరిగింది. కింద పడి, లేచి, దుమ్ము దులుపుకుని "కొత్తది కొనివ్వలేదని రోజూ సాధించేవాణ్ణి, ఇవాళ ఆ పాతదే బతికించింది" అన్నాడు. నేనే బలవంతాన వ్యానెక్కించి నీ దగ్గరకు పంపాను. మా వాడు ఉన్నాడు, అన్నీ చూసి పంపిస్తాడు అన్నాను. మబ్బు పట్టి ఉంది, కండెలు కళ్ళంలో ఉన్నాయి, నేను మిషను దగ్గర ఉండిపోయాను.

సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చాడు. మెడ ఒక పక్కకు వంచి నడుస్తున్నాడు. కన్ను వెనక నొప్పి అన్నాడు. ఏమన్నారు ఆసుపత్రిలో అంటే "అంతా బాగుందట. మెడ పట్టేసిందట. నీ చేత తోమించుకోమన్నాడు మీ తమ్ముడు" అన్నాడు.

నాకు ముందు కొంచెం గర్వం కూడా వేసింది, ఆసుపత్రిలో పనిచేసే నువ్వు నా చేతిని నమ్మావని.

ఉప్పు మూటతో కాపడం పెట్టాను. నూనె రాసి చెవి కింద నుంచి భుజం దాకా బొటనవేళ్ళతో దించాను. నాయనమ్మ నేర్పినట్టు గడ్డం పట్టుకుని అటొకసారి, ఇటొకసారి తిప్పాను. టక్కుమంది. "హమ్మయ్య" అన్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మెల్లిగా" అన్నది. ఆ మాట ఆవిడకూ గుర్తుంది, నాకూ గుర్తుంది.

మర్నాడు పొద్దున మొహం కడుక్కుంటుంటే చేతిలో చెంబు జారింది. వంగబోయి ఆగి ఎడమ చేతివంక చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యి తన భుజానికి తగిలించినట్టు. నన్ను పిలవబోయాడు, మాట ముద్దగా వచ్చింది. ఆ తరవాత రెండు రోజులు మన దగ్గరి ఆసుపత్రిలో ఎలా ఉన్నాడో నువ్వూ వచ్చి చూశావు.

తోముతున్నప్పుడు నా వేళ్ళ కింద ఆయన మెడలో నాడి కొట్టుకుంది. అది ఇంకా కొట్టుకుంటోంది. పిండి కలిపినా, బట్టలు పిండినా, బొటనవేళ్ళ కింద అదే. ఒట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మరీ ఎక్కువ. అందుకే ఏదో ఒక పని పట్టుకుంటున్నాను.

నువ్వు తోమించుకోమన్నావన్న సంగతి అత్తయ్యకు చెప్పలేదు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే అది నిజమో కాదో నాకు తెలియదు. ఆయనకు నా చేత తోమించుకోవడం ఇష్టం. ఏ నొప్పీ లేకపోయినా సాకు చెప్పి వచ్చి కూర్చునేవాడు. నీ పేరు పెట్టి అబద్ధం ఆడి ఉంటే ఆడి ఉండవచ్చు. ఆడాడా? అదే రాయి.

అక్క

*

ఆసుపత్రి క్వార్టర్లు,
జనవరి 7

అక్కా,

ఇక్కడ ఒక సంగతి జరిగింది, నీకు చెప్పాలని రాస్తున్నాను.

పది రోజుల కిందట ఒక బడి పంతులమ్మను తెచ్చారు. కారు చెట్టుకు గుద్దుకుంది. మనిషి స్పృహలోనే ఉంది, అందరికీ జవాబులు చెబుతోంది. సీటు బెల్టు ఒరుసుకుని మెడ పక్కన ఎర్రటి చార పడింది. ఇప్పుడు మా దగ్గర కొత్త నియమం పెట్టారు. మెడ మీద అలాంటి చార ఉంటే, మనిషి ఎంత బాగా ఉన్నా, మెడ రక్తనాళాలు, మెదడు రక్తనాళాలు స్కాన్ చెయ్యకుండా పంపకూడదు. చేతి నరంలోకి పంపుతో రంగు మందు ఎక్కిస్తాం. ఒళ్ళంతా ఒక్కసారి వేడెక్కినట్టు ఉంటుంది. ఆ మందు గుండె దాటి మెడలోకి ఎక్కే క్షణం పట్టుకుని, ఛాతీ నుంచి నడినెత్తి దాకా బొమ్మలు తీస్తాం. అంతా కలిపి పది నిమిషాల పని.

ఆమెకు మెడలో రక్తనాళం లోపలి పొర చిరిగి ఉంది. గొట్టం లోపల అంటించిన కాగితం ఊడి వేలాడినట్టు. అలా చిరిగినచోట రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ కొన్ని గంటలకో, రెండు రోజులకో ఊడి మెదడులోకి పోతుంది. అంతవరకు మనిషి నవ్వుతూ తిరుగుతూనే ఉంటాడు. ఆమెకు వెంటనే గడ్డకట్టకుండా మందు మొదలుపెట్టారు. ఐదో రోజున నడిచి ఇంటికి వెళ్ళింది. వెళ్తూ మా గదిలోకి వచ్చి అందరికీ చెప్పి వెళ్ళింది. నేను బాత్రూములోకి వెళ్ళి ఆమె పోయేదాకా బయటికి రాలేదు.

బావ కేసు మీద విచారణ వేశారు. అందుకే కొత్త నియమం. మెడ స్కాన్ కాకుండా పంపేసిందని, ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరమ్మను పేషెంట్లను చూడకుండా రికార్డుల గదిలో కూర్చోబెట్టారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, పాతికేళ్ళుంటాయి.

స్పీకరు బాగుచేశారు. వైర్లలో ఏమీ లోపం లేదన్నారు.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
జనవరి 15

తమ్ముడూ,

నేను అడిగింది ఒకటి, నువ్వు రాసింది ఇంకొకటి. పంతులమ్మ బతికినందుకు సంతోషం.

చిన్నప్పుడు కుండ పగలగొట్టి నాకు పిట్టకథలు చెప్పేవాడివి. అప్పుడూ ఇలాగే, కుండ ఒక్కటి తప్ప అన్నీ చెప్పేవాడివి.

బేరింగు వేశాం. మిషను తిరుగుతోంది. ఆపేశాక కూడా బెల్టు చరిచిన చప్పుడు వినిపిస్తే వెనక్కి తిరిగి చూస్తున్నాను. మేస్త్రి కూడా చూస్తున్నాడు.

ఆయన అబద్ధం ఆడాడా లేదా?

అక్క

*

ఆసుపత్రి క్వార్టర్లు,
ఫిబ్రవరి 2

అక్కా,

బావ అబద్ధం ఆడలేదు. తోమించుకోమని చెప్పింది నేను.

మొత్తం రాస్తాను. మధ్యలో ఆపితే మళ్ళీ రాయలేను.

బావ వచ్చేసరికి ఒంటిగంటన్నర. మెడ మీద తువాలు ఒరుసుకున్న చార, బొటనవేలంత వెడల్పున, చెవి కింద నుంచి గొంతు దాకా ఎర్రగా ఉంది. డాక్టరమ్మ అది చూసింది. తల, మెడ ఎముకలు, మెడ రక్తనాళాలు, మూడూ స్కాన్ చెయ్యమని రాసిచ్చింది. ఆమె చెయ్యవలసింది ఆమె చేసింది. మొదటి రెండూ చేశాను. మూడోదానికి రంగు మందు కావాలి. దానికి ముందు లావు సూది పెట్టాలి, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో రక్తపరీక్ష రావాలి. అంటే గంటో గంటన్నరో. బావ కిటికీలోంచి మబ్బు చూస్తున్నాడు. కండెలు కళ్ళంలో ఉన్నాయి, మీ అక్క ఒక్కతే ఉంది అన్నాడు.

నేను అన్నాను, "బావా, తల బాగానే ఉంది. నీకు ఇదేమీ అక్కర్లేదులే. మూడున్నర బస్సు అందుకుందువుగాని."

ఆయన ఏమన్నాడో నాకు ఒక్కో ముక్కా గుర్తుంది. "నీ ఇష్టం బామ్మర్దీ. నువ్వు ఉండమంటే ఉంటా, పొమ్మంటే పోతా. నాకేం తెలుసు ఇవన్నీ."

చెయ్యకుండా పంపాలంటే కాగితం మీద కారణం ఉండాలి. గీత కొట్టి 'రోగి వద్దన్నారు' అని రాసింది నేనే. కింద సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టాడు. నేనిస్తే చదువుతాడా? డాక్టరమ్మ వచ్చి "ఎందుకు వద్దన్నారు?" అని అడిగింది. "మా బావ మేడమ్. సూదంటే భయం, మహా మొండి. నేను చూసుకుంటాను" అన్నాను. పన్నెండేళ్ళ సీనియర్ని, రోగికి బావమరిదిని. ఆమె నమ్మింది. ఆ అమ్మాయి తప్పు ఏదైనా ఉంటే అది నన్ను నమ్మడమే.

బద్ధకించి చేశాననుకోకు. వచ్చినవాడు బయటివాడైతే గంటన్నర కూర్చోబెట్టి చేసి పంపేవాణ్ణి. మనవాడు కదా, తిప్పలు పెట్టడం ఎందుకు అనుకున్నాను. మనవాడు కదా, ఏమీ కాదు అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

బస్సు దగ్గర మెడ పట్టుకుని "లాగేస్తోంది" అన్నాడు. "అక్క చేత తోమించుకో, పొద్దుటికి పోతుంది" అన్నాను.

ఇంకొకటి ఉంది. అన్నీ అయిపోయి మీ దగ్గర నుంచి తిరిగి వచ్చాక, బావ తల స్కాన్ మళ్ళీ తెరిచాను. మేం తీసే బొమ్మలు రొట్టె ముక్కలు కోసినట్టు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అన్నిటికన్నా కింది ముక్కలో పుర్రె అడుగున మెడ కొస కొంచెం పడింది. అక్కడ, కుడి పక్క రక్తనాళం అంచున, నెలవంకలా సన్నటి తెల్ల గీత ఉంది. గోడ పొరల మధ్య దూరి గడ్డ కట్టిన రక్తం. స్కాన్ చదివే డాక్టరు మెదడు చూశాడు, అది బాగుంది. అంచు ఎవరూ చూడలేదు. నేను చూడలేదు. ఆ బొమ్మ తీసిన టైము దాని మీదే ఉంటుంది, మధ్యాహ్నం రెండూ పది. నువ్వు మెడ మీద చెయ్యి వేసింది సాయంత్రం ఏడింటికి.

చిరుగు నువ్వు చేసింది కాదు అక్కా. నువ్వు ముట్టుకోక ముందే ఉంది. తోమడం వల్ల ఆ గడ్డ కదిలిందా, తోమకపోయినా కదిలేదా అంటే అది ఏ డాక్టరూ చెప్పలేడు. పెద్ద డాక్టరుగారిని ఇంకెవరి గురించో అడిగినట్టు అడిగాను. చెప్పలేం అన్నారు. కానీ నీ చేతులకు ఆ పని చెప్పింది నేను.

రోజూ డ్యూటీ ఎక్కగానే ఆ బొమ్మ తెరుస్తున్నాను. చూసి మూసేస్తాను. బల్ల మీద ఎవరు పడుకున్నా, "కదలమని ఎప్పుడంటావు" అన్న గొంతు వినిపించాకనే వాళ్ళను లేపుతున్నాను. వినిపించేదాకా ఆగుతున్నానని మొన్న పక్కవాడు అన్నాడు. "ఏంటి సార్, ఆవిడ దిగుతానంటుంటే అలా చూస్తారేంటి?"

దీన్ని అత్తయ్యకు చదివి వినిపించు. నీ మీద మాట పోతుంది. వద్దనుకుంటే పొయ్యిలో పెట్టు. నీ ఇష్టం.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 12

తమ్ముడూ,

ఎండలు ముదురుతున్నాయి. ఈ వారం కండెలు ఎండిపోయి గింజ బాగా రాలుతోంది.

నీ ఉత్తరం చదివి మిషను పనిముట్ల పెట్టెలో, రెంచీల కింద పెట్టాను. మూడు రోజులు తియ్యలేదు. నాలుగో రోజు తీసి మళ్ళీ చదివాను. నిన్ను తిడదామని కూర్చుంటే ఒక్క మాటా దొరకలేదు. దొరికినప్పుడు తిడతాను.

'వద్దన్నారు' అన్న రాత నీదని మొదటి రోజే తెలుసు. పలక మీద నీ చెయ్యి పట్టుకుని దిద్దించిందాన్ని, నీ రాత నాకు తెలియదా? నువ్వు నీ నోటితో చెబుతావని మూడు నెలలు చూశాను. చెప్పావు. అంతవరకు బాగుంది.

ఇప్పుడు నేను చెప్పేది విను. నా చేతుల సంగతి నేను చూసుకుంటాను. అవి మంచివని నువ్వు అన్నంత మాత్రాన వాటి కింద కొట్టుకునేది ఆగలేదు. కానీ ఆ పిల్ల రికార్డుల గదిలో ఎందుకు కూర్చోవాలి? చార చూసి రాసిచ్చింది ఆమె ఒక్కతే. మనిద్దరం ఆయన మనుషులం, మనం చూడలేదు. నాకు రాసింది అక్కడ ఎవరికైనా చెప్పావా? చెప్పానని నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. వెతికాను.

విచారణ ఎప్పుడో రాయి. ఆ లోపల వెళ్ళి నీ నోటితోనే చెప్పు. అత్తయ్యకు ఇంకా చదవలేదు. ముందు నువ్వు అక్కడ చెప్పు, తరవాత నేను ఇక్కడ చదువుతాను.

అక్క

*

ఆసుపత్రి క్వార్టర్లు,
మార్చి 5

అక్కా,

విచారణ ఈ నెల 14న.

నువ్వు చెప్పినంత తేలిక కాదు. రోగి సంతకం ఉన్న కాగితం మీద నేను తప్పు రాశానంటే ఒక్క ఉద్యోగంతో పోదు, ఇంకెక్కడా ఈ పని చెయ్యనివ్వరు. నాకు వచ్చింది ఈ పని ఒక్కటే. మీ మరదలికి ఏమీ తెలియదు. పెద్దది ఈ సంవత్సరం పెద్ద బడికి మారాలి. డాక్టరమ్మ చిన్నది, చదువుంది, ఇక్కడ కాకపోతే వేరే చోట చేరుతుంది. నిన్న మెట్ల మీద ఎదురైతే నమస్కారం పెట్టింది. "మీ అక్కగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది. బాగున్నారన్నాను.

చెబితే బావ తిరిగి రాడు కదా. నీకు తెలియాల్సింది నీకు తెలిసింది. అత్తయ్యకు చదవమన్నాను గాని, ఇప్పుడు వద్దు. నెమ్మది మీద నేనే వచ్చి ఆవిడకు చెబుతాను. ఆ ఉత్తరం కాల్చెయ్యి అక్కా. నాకోసం.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
మార్చి 13

తమ్ముడూ,

ఇవాళ గాలి దుమారం. పొద్దున్నుంచి పొట్టు ఎగిరి కళ్ళు తెరవనివ్వడం లేదు. మిషను ఆపి పట్టా కప్పి వచ్చి రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం అన్నాలయ్యాక పనిముట్ల పెట్టె లోపలికి తెచ్చి, నీ ఫిబ్రవరి ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను. ఒక్క ముక్క వదలలేదు. ఆవిడ మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. రొట్టె ముక్కల దగ్గర "అదేమిటి?" అంటే విడమరిచి చెప్పాను.

అయిపోయాక "ఆ సంతకం దగ్గర వాడు ఏమన్నాడో మళ్ళీ చదువు" అంది.

"నీ ఇష్టం బామ్మర్దీ. నువ్వు ఉండమంటే ఉంటా, పొమ్మంటే పోతా" అని చదివాను.

"ఇంకోసారి."

ఇంకోసారి చదివాను.

"అయితే వాడు వద్దనలేదు."

"లేదు."

"చచ్చినవాణ్ణి నాలుగు నెలలు తిట్టాను కదే. మొండి వెధవా, స్కాన్ వద్దని చచ్చావు కదరా అని రోజూ తిట్టాను. పొద్దున లేస్తూనే తిట్టాను. వాడు అటు గోడ దగ్గర నిలబడి వింటున్నట్టే ఉండేది. ఒక్కసారైనా కాదమ్మా అనలేదు చూడు."

నా చేతుల గురించి ఆవిడ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం పొయ్యి దగ్గరకు వచ్చి, "ఆ డాక్టరు పిల్లను ఏం చేస్తారట?" అంది. పద్నాలుగున తేలుస్తారట అన్నాను. "మీ తమ్ముడు చెబుతాడా?" అంది. నీ మార్చి ఉత్తరం కూడా తెచ్చి చదివాను. కాల్చెయ్యమన్న చోట నేను ఆగితే, "చదువు, పొయ్యి పక్కనే ఉంది, నువ్వేం కాల్చలేదు కదా" అంది.

ఈ రోజు తెల్లవారాక చూస్తే, బట్టలు మార్చుకుని, సంచిలో రెండు రొట్టెలు, నీళ్ళ సీసా పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. "కాగితం ఇవ్వు" అంది.

నేను కూడా వస్తానన్నాను.

"నువ్వు వస్తే నీ తమ్ముడి మొహం చూస్తావు. నేనైతే డాక్టర్ల మొహం చూస్తాను. నువ్వుండు."

"అక్కడ ఎవరినని అడుగుతావు? నీకు చదువు రాదు."

"నాకు రాకపోతే వాళ్ళకు వచ్చుగా. వాళ్ళే చదువుకుంటారు. నా కొడుకు వద్దనలేదు, అది కొట్టేసి రాయమంటాను. అంతే కదా నేను అడిగేది. రేపటి దాకా వరండాలో కూర్చుంటాను, నన్నెవరు లేపుతారు?"

నువ్వు చెబుతావేమోనని రేపటి దాకా ఆగుదామని నాకు ఒక్క నిమిషం అనిపించింది. ఆవిడ చెయ్యి చాపే ఉంది. పెట్టెలోంచి నీ ఫిబ్రవరి ఉత్తరం తీసి, నూనె మరక తుడిచి, మడత విప్పి చూసి మళ్ళీ మడిచి ఇచ్చాను. ఇవ్వకపోతే ఆవిడ లాక్కునేది కాదు. ఇచ్చింది నేనే. అది నీకు తెలియాలని రాస్తున్నాను.

ఆవిడకు నడుం వంగదు. బస్సు మెట్టు ఎత్తు. చంక కింద చెయ్యి వేసి ఎక్కించాను. వద్దనలేదు.

నువ్వు ఆవిడ కన్నా ముందే వెళ్ళి చెప్పి ఉంటే ఈ ఉత్తరాన్ని చించెయ్యి. లేకపోతే ఉంచుకో. ఇది నీకు అందేసరికి పద్నాలుగు దాటిపోయి ఉంటుంది.

అత్తయ్య ఈ రోజు పొద్దున ఏడుంబావు బస్సుకు వెళ్ళింది.

అక్క